కందకములలో కాపురము

పాల్వంచ దాటి భద్రాచలమునకు పోవు దారిలో అడవి దగ్గఱ పడును. అడవికిని పంటచేలకును నడుమ అటవీశాఖవారు త్రవ్వించిన కందకములు అచ్చటచ్చట కనబడును. ఎండకాలమున పశువులను తోలుకొని వచ్చిన బాలురు వానిమీదుగా దుముకుచు ఆడుకొందురు. శ్రావణమాసము వచ్చునప్పటికి అవి నీటితో నిండును. గట్టుమట్టి జాఱి అడుగున జిగటబురద యగును. అందులో కాలుపెట్టిన బాలుడు చెప్పును బురదకు విడిచి నవ్వుచు పైకి ప్రాకును. ఇంటికి పోయి కాళ్లు కడుగుకొని, పొయ్యి యొద్ద కూర్చుండి, తల్లి పెట్టిన వేడియన్నము తినును. ఆ రాత్రికి బురదమాట మఱచిపోవును.

అట్టి కందకములలో నెలల తరబడి నిలిచి, తిని, నిదురించి, జాబులు వ్రాయించుకొని, జ్వరపడి, మరల లేచి నిలిచిన మానవులు లక్షలకొలది గలరు. వారు సైనికులు. వారిలో భారతీయులు కలరు, తెలుగువారును కలరు.

యుద్ధమనగానే బాలురకు స్ఫురించునది వేఱు. శంఖములు మ్రోగును, రథములు పరుగెత్తును, వీరుడు శత్రువును కూల్చును. భారతకథలో సైతము సూర్యుడు క్రుంకినతోడనే వీరులు తమ శిబిరములకు మరలిపోవుదురు. ద్రోణుడు సేనాపతిగా నుండగా జరిగిన రాత్రియుద్ధము దానికి మినహాయింపు. కాని ఇరువదవ శతాబ్దమున జరిగిన మహాయుద్ధమునకు పగలు రాత్రి భేదము లేకపోయెను. అందు సైనికుడు ఒక గడియ పోరాడినచో పది దినములు వేచియుండవలసివచ్చెను. ఆ వేచియుండుటయే యుద్ధములోని పెద్దపాలు. శౌర్యమనునది గెలిచిన గడియలో ఎంత గలదో, తడిసిన పాదములతో తెల్లవారువఱకు కావలి నిలుచుటలో అంతకంటె ఎక్కువ గలదు. ఈ రెండవ శౌర్యమును పాటలు పాడువారు తక్కువ. కావున దానిని తెలిసికొనుట చదువుకొనువారి విధి.

1914 జూలై 28వ తేదీన ఐరోపాలో ఆరంభమైన యుద్ధము 1918 నవంబరు 11 వఱకు సాగెను. ఆ కాలమున గోదావరి ఈవలియొడ్డున నున్న బూర్గంపాడు నిజాము రాజ్యములోనిది. ఆవలియొడ్డున నున్న భద్రాచలము మద్రాసు రాజధానిలోనిది. పడవ దాటినచో ప్రభుత్వమే మాఱెడిది. భద్రాచలము ఖమ్మము జిల్లాలో చేరినది 1959లో మాత్రమే. నేడది భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో నున్నది. ఒడ్డులు రెండైనను యుద్ధము ఒక్కటే. హైదరాబాదు సంస్థానపు అశ్వికదళము ఈజిప్టునకును పాలస్తీనాకును పోయెను. మద్రాసు రాజధానినుండి పదాతిదళములును, వంతెనలు కట్టి బాటలు వేయు సాపర్లును, పయొనీర్లును మెసొపొటేమియా, తూర్పు ఆఫ్రికా మున్నగు దూరదేశములకు పోయిరి. మద్రాసు దళములలో తమిళులతోపాటు తెలుగువారును పనిచేసిరి. పశ్చిమగోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము సమీపమున మాధవరము అను గ్రామము కలదు. ఆ యూరినుండి నాటి యుద్ధమునకు పోయినవారు కలరు. తరువాతి తరములవారును సైన్యమున చేరుచు వచ్చిరి. అందుచేత లోకులు దానిని మిలిటరీ మాధవరమని పిలుచుచున్నారు. మొత్తముమీద 10 లక్షలకు పైగా భారతీయులు ఆ యుద్ధమున సముద్రము దాటి పోయిరి. వారిలో 74,000 మందికి పైగా తిరిగి రాలేదు.

భారతదేశపు సేనలు 1914 సెప్టెంబరు చివర ఫ్రాన్సుదేశమునందలి మార్సేల్సు రేవున దిగెను. వారి యొడలిపై నున్నవి ఉష్ణదేశమునకు తగిన పలుచని ఖాకీబట్టలు. ఎదుట నున్నది ఐరోపా చలికాలము. అప్పటికే ఉభయపక్షములవారును ముందుకు పోలేక నేలను త్రవ్వి అందు దాగిరి. ఆ కందకముల వరుస స్విట్జర్లాండు సరిహద్దునుండి ఉత్తరసముద్రమువఱకు సుమారు 700 కిలోమీటర్లు సాగెను.

కందకమనగా ఉత్త గొయ్యి కాదు. దాని లోతు ఆఱేడడుగులు. నిలుచున్నవాని తల బయటికి కనబడరాదు. శత్రువువైపున మట్టిసంచులు పేర్చి అడ్డు కట్టుదురు. గోడకు చేర్చి ఒక మెట్టు వేయుదురు. తుపాకి పేల్చువాడు దానిపై నిలుచును. కందకమును తిన్నగా త్రవ్వక వంకరలు వంకరలుగా త్రవ్వుదురు. ఫిరంగిగుండు ఒకచోట పడినచో దాని దెబ్బ వరుస పొడవునను పాఱకుండుటకు ఈ యేర్పాటు. ముందువరుసకు వెనుక ఆసరావరుస యొకటి, దానికి వెనుక విడిదివరుస యొకటి యుండును. వీనిని కలుపుచు సన్నని దారికందకములు పోవును. అన్నము, నీరు, మందుగుండు, జాబులు ఈ దారులనే ముందుకు పోవును. గాయపడినవారు ఈ దారులనే వెనుకకు వచ్చెదరు. సైనికులు ముందువరుసలో కొన్ని దినములు, ఆసరావరుసలో కొన్ని దినములు, విడిదిలో కొన్ని దినములు వంతులవారిగా గడుపుదురు. మనుష్యులు చాలనప్పుడు ఈ వంతులు తప్పెడివి. విశ్రాంతి వచ్చుననుకొన్నవాడు మరల ముందువరుసకే పోవలసివచ్చెడిది.

వారి దినచర్య తెల్లవాఱకమునుపే మొదలగును. చీకటి విడిపోవు వేళ శత్రువు పైబడుట సులభము. కావున సూర్యోదయమునకు ఒక గంట ముందుగనే అందఱును తుపాకులు పట్టి మెట్టుపై నిలువవలయును. సాయంసంధ్యవేళ మరల అట్లే నిలువవలయును. పగలు తల యెత్తిన ప్రాణము పోవును. అందుచేత పగటివేళ తుపాకులు తుడుచుకొనుట, బట్టలు కుట్టుకొనుట, వంగియే తినుట, కూర్చుండియే కునుకు తీయుట జరుగును. ఊరిలో పగలు పని, రాత్రి నిద్ర. కందకములో దానికి విరుద్ధము. కూలిన గోడలు కట్టుట, ముండ్లతీగ బిగించుట, నీరు తోడివేయుట, మట్టిసంచులు మోయుట రాత్రివేళనే జరుగును. రైతు బావి త్రవ్వినను, చెఱువుగట్టు వేసినను తన పనికి ఫలము కన్నులార చూచును. సైనికుడు రాత్రి యెత్తిన గోడను మఱునాటి ఫిరంగి కూల్చివేయును. మరల రాత్రికి అదే గోడను ఎత్తవలయును. ఆశ చెడకుండ ఈ పనిచేయుట సామాన్యము కాదు.

భారతీయసేనలు నిలిచిన ఫ్రాన్సు ఉత్తరభాగమున నేల పల్లము. రెండడుగులు త్రవ్వినంతనే నీరూరును. వానకాలమున కందకములు కాలువలయ్యెను. కొన్నిచోట్ల త్రవ్వుట మాని, నేలపైననే మట్టిసంచులతో గోడలు కట్టుకొనవలసివచ్చెను. మోకాలిలోతు చన్నీటిలో దినములకొలది నిలిచిన సైనికుల పాదములు ఉబ్బి, స్పర్శ పోయి, నల్లబడి, కొందఱికి క్రుళ్లిపోయినవి. ఆ వ్యాధికి కందకపాదమని పేరు వచ్చెను. 1914-15 చలికాలమున వేలకొలది సైనికులు ఒక్క గుండుదెబ్బయు తినకయే దీనివలన వికలాంగులైరి.

దీనికి కనుగొన్న చికిత్స మిక్కిలి చిన్నది. పాదములకు తిమింగలపునూనె రుద్దుకొనుట, తడిమేజోళ్లు విప్పి పొడివి తొడుగుకొనుట, కందకమడుగున చెక్కపలకలు పఱచుట. సైనికులను ఇద్దరిద్దరుగా జతపఱచి, ఒకని పాదములకు వేఱొకడు పూచీపడునట్లు చేసిరి. అధికారులు దినదినము పాదములు పరీక్షింపవలయునని ఆజ్ఞ వెలువడెను. ఈ నియమములు పాటించిన దళములలో వ్యాధి మిక్కిలి తగ్గెను. కోట్లకొలది ధనము వెచ్చించి ఫిరంగులు చేయించిన ప్రభుత్వములు, ఒక జత పొడిమేజోళ్ల విలువను ఒక చలికాలము గడచిన తరువాత గాని గుర్తింపలేదు. యుద్ధశాస్త్రమున ఇంతకంటె పెద్ద గుణపాఠము లేదు.

గోదావరి తీరవాసులకు ఈ కష్టము కొంత తెలియును. 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద గోదావరి 75.6 అడుగులకు లేచెను. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చెను. వరదలో చిక్కినవారు చుట్టును నీరే యున్నను త్రాగుటకు నీరు లేక తపించుటను, ఆఱని బట్టలతో రాత్రులు గడపుటను ఇక్కడి వృద్ధులు చెప్పుకొందురు. కందకములోని సైనికుడును అట్లే నీటిలో నిలిచి దాహపడెను. చుట్టునున్న నీరు శవములు కలిసిన నీరు. త్రాగునీటిని డబ్బాలలో వెనుకనుండి మోసికొని రావలయును. కాని వరదబాధితునకు కొలదిదినములలో నది తీయునను ఆశ గలదు. సైనికునకు ఆ ఆశ నాలుగేండ్లు కలుగలేదు.

ఎలుకలును పేలును ఆ కాపురమునకు పిలువని చుట్టములు. ఎలుకలు సంచులలోని రొట్టెను తినుటయే గాక, నిద్రించువాని ముఖముపై పరుగులు తీయుచుండెడివి. స్నానము వారములకొకమాఱైనను దొరకదు. బట్టల అతుకులలో పేలు గ్రుడ్లు పెట్టెడివి. సైనికులు కొవ్వొత్తి వెలుగున చొక్కా విప్పి ఆ అతుకులను మంటకు చూపుచుండిరి. ఒళ్లు నొప్పులతో, కాలియెముకల సలుపుతో వచ్చు ఒక జ్వరము వేలమందిని మంచము పట్టించెను. కారణము చాలకాలము తెలియలేదు. దానిని వ్యాపింపజేయునది పేనేయని 1918లో నిర్ణయించిరి. రాజులను గడగడలాడించిన సేనలను ఒక పేను పడగొట్టినది!

ఆహారము విషయమున భారతీయ సైనికునకు గోధుమపిండి, పప్పు, నెయ్యి, బెల్లము, ఉప్పు, మాంసము తినువారికి మేకమాంసము నిర్ణయింపబడెను. మతాచారముల ప్రకారము వంటలు వేఱువేఱుగా జరుగవలయును. గాయపడినవారి కొఱకు ఇంగ్లండులోని బ్రైటన్ నగరమున రాజభవనమునే ఆసుపత్రిగా మార్చి, అందును వేఱువేఱు వంటశాలలు, వేఱువేఱు నీటికుళాయీలు ఏర్పాటు చేసిరి. ఆసుపత్రిలో దొరకిన ఈ మన్నన ముందువరుసలో దొరకుట దుర్లభము. అచ్చట పొయ్యి రాజవేసినచో పొగ లేచును. పొగ లేచినచో గుండు వచ్చును. వెనుకనుండి మోసికొని వచ్చిన రొట్టె చేరునప్పటికి చల్లబడి గట్టిపడియుండెడిది.

ఆకలి యెట్టి శాస్త్రమును నేర్పునో మెసొపొటేమియాలోని కూట్ ముట్టడి తెలుపును. 1915 డిసెంబరు 7 నుండి 1916 ఏప్రిలు 29 వఱకు ఆంగ్లేయ భారతీయ సేనలు ఆ యూరిలో తురుష్కసేనలచేత ముట్టడింపబడియుండెను. ఆహారము తఱిగిపోగా గుఱ్ఱములను కోసి తినవలసివచ్చెను. ఆచారమునకు వెఱచి భారతీయ సైనికులలో పలువురు ఆ మాంసమును చాలకాలము ముట్టలేదు. కాయగూరలును లేకపోవుటచే వారిలో చిగుళ్లు క్రుళ్లు స్కర్వీ వ్యాధి ప్రబలెను. తెల్లపిండి రొట్టె తినుచున్న ఆంగ్లసైనికులకు మాంసము వలన స్కర్వీ తక్కువగా వచ్చెను గాని బెరిబెరి పట్టుకొనెను. తవుడుతో కూడిన గోధుమపిండి తినిన భారతీయులకు బెరిబెరి రాలేదు. ఆంగ్లసైనికులకును ముతకపిండియే పెట్టవలసివచ్చినపుడు వారికిని బెరిబెరి తగ్గెను. తవుడులో నున్న జీవసత్త్వమే దీనికి కారణము. మరపట్టిన తెల్లబియ్యము తినిన తీరాంధ్రప్రాంతమువారిలో సైతము నాటికాలమున బెరిబెరి కనబడుచుండెను. దంపుడుబియ్యము తినవలయునని అవ్వలు చెప్పు మాటకు ఇంత గట్టిసాక్ష్యము వేఱొకటి లేదు.

శరీరమున కన్నము వలె మనస్సునకు జాబు. సిపాయిలలో చాలమందికి చదువు రాదు. అక్షరము వచ్చిన తోడివాడు వ్రాసిపెట్టవలయును. ఇంటివద్ద మఱియొకడు చదివి వినిపింపవలయును. నడుమ ప్రభుత్వపు పరిశీలకులు ప్రతిజాబును విప్పి చూచుచుండిరి. కావున సైనికుడు తన కష్టమును మఱుగుమాటలతో చెప్పుకొనవలసివచ్చెడిది. ఊరిలో వాన పడినదా, ఎద్దు కోలుకొన్నదా, చెల్లెలి పెండ్లి కుదిరినదా అను ప్రశ్నలే ఆ జాబుల నిండ నుండెడివి. కందకమున నున్నవాడు కందకములో జీవింపడు. తన యూరిలో జీవించుచు కందకమున దినములు లెక్కించును. నెలకు 11 రూపాయల జీతముపై పోయిన సిపాయి ఆ లెక్కను నాలుగేండ్లు తప్పక చేసెను.

తుపాకి పట్టినవానికైనను పతకము దొరకవచ్చును. తుపాకి లేనివారి మాటయేమి? నీరు మోయువారు, వంటవారు, మలమూత్రములు ఎత్తి పాతిపెట్టువారు, గాయపడినవారిని డోలీలపై మోయువారు ప్రతిదళమునకును ఉండిరి. వారును గుండ్ల నడుమనే తిరిగిరి. వారి జీతము మాత్రము సిపాయి జీతముకంటె తక్కువ. 1917లో సంతాలులు, ఉరావులు, నాగాలు, లుషాయిలు మున్నగు అడవిబిడ్డలు కూలిదళములుగా ఫ్రాన్సునకు పోయి బాటలు వేసిరి, బరువులు మోసిరి. భద్రాచలపు అడవులలోని కోయగూడెములవారికి డోలీ యనిన తెలియును. బాట లేని గూడెమునుండి రోగిని కఱ్ఱకు కట్టిన డోలీలో వాగులు దాటించి ఆసుపత్రికి మోయుట ఎంత కష్టమో వారు చూచియున్నారు. ఆ డోలీని బురదలో, చీకటిలో, ఫిరంగులక్రింద మోసినవాడు తుపాకి పట్టినవానికి ఏ విధమున తక్కువ? కులమునుబట్టి హీనులని లోకము త్రోసిపుచ్చిన పాకీపనివారే లేకున్నచో విరేచనములు, టైఫాయిడు కలిసి శత్రువు రాకమునుపే సేనను తుడిచిపెట్టియుండును. కందకము కులాభిమానమునకు చెప్పిన ప్రత్యుత్తరమిది. ఆ ప్రత్యుత్తరమును యుద్ధానంతరము లోకము విననట్లు నటించెను.

శత్రువుకంటె రోగమే బలీయమను సత్యమును తెలిసికొనుటకు ఫ్రాన్సువఱకు పోనవసరము లేదు. 1879లో రంపదేశమున లేచిన తిరుగుబాటు భద్రాచలము తాలూకాలోని రేకపల్లి ప్రాంతమునకు వ్యాపించెను. దాని నణచుటకు ఆఱు మద్రాసు పదాతిరెజిమెంట్లను, రెండు సాపర్ల కంపెనీలను, అశ్వదళమును దించవలసివచ్చెను. 1922 నుండి 1924 వఱకు అల్లూరి సీతారామరాజు నాయకత్వమున మన్యప్రజలు పోరాడినపుడు మలబారు పోలీసులు, అస్సాము రైఫిల్సు ఈ కొండలలో విడిసిరి. మన్యపు చలిజ్వరమునకు ప్రభుత్వబలమనియు, తిరుగుబాటుదారుడనియు భేదము లేదు. అయితే ప్రభుత్వ సైనికునకు వెనుక కొయినా గుళికలును, వైద్యుడును గలరు. అంబులతోను, పట్టుకొన్న కొలది తుపాకులతోను నిలిచిన కొండవానికి ఆకుపసరు తప్ప వేఱు లేదు. ఆ దృష్టితో చూచినపుడు వారి ఓర్పు మఱింత గొప్పది.

ఆ జ్వరమును తెచ్చునది దోమయని నిరూపించుటకు మూలమైన పరిశోధన తెలుగునేలపైననే జరిగెను. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డు రాస్ అను సైనికవైద్యుడు సికింద్రాబాదులో దోమకడుపున మలేరియాక్రిమిని కనుగొనెను. శాస్త్రము తెలిసినను ఆచరణ లేకున్నచో ఫలమేమి? రెండవ ప్రపంచయుద్ధమున బర్మా అడవులలో అది తేటపడెను. భద్రాచలపు అడవులవలె వెదురును, వాగులును, దోమలును నిండిన ఆ దేశమున మద్రాసు రెజిమెంటువారును పోరాడిరి. 1943లో అచ్చట గాయపడి వెనుకకు వచ్చిన యొక్కొక్కనికి 120 మంది రోగపడి వచ్చుచుండిరని సేనాని స్లిమ్ వ్రాసెను. ఆయన చేసిన పని యేమి? ప్రతిసైనికుడును మెపాక్రిన్ మాత్రను దినదినము మ్రింగవలయునని శాసించెను. ఆకస్మికముగా పరీక్షలు చేయించి, మాత్రలు సరిగా మ్రింగింపని ముగ్గురు దళాధిపతులను పదవినుండి తొలగించెను. 1945 నాటికి 120 అను సంఖ్య ఆఱుకు దిగెను. ఆ సేనయే బర్మాను గెలిచెను. ఆ గెలుపునకు ఫిరంగి యెంత కారణమో చేదుమాత్రయు అంత కారణము.

కొందఱిట్లందురు: "ఇట్టి కష్టములు బాలురకు చెప్పినచో వారు పిఱికివారగుదురు. దేశమునకు సైనికులెట్లు దొరకుదురు?" ఇది సరియైన వాదము కాదు. తెలియక దూకినవాని సాహసము మొదటి వానకే కరగిపోవును. తెలిసి నిలిచినవాని ధైర్యమే ధైర్యము. సేద్యపు కష్టము తెలిసిన రైతుబిడ్డ సేద్యము మానలేదు. గని లోతు తెలిసిన సింగరేణి కార్మికుని కొడుకు గనికి పోవుట మానలేదు. కష్టము దాచి పిలుచుట వంచన. చెప్పి పిలుచుట గౌరవము.

మఱికొందఱు వేఱొకవిధముగా ననుచున్నారు: "యుద్ధము పాపము. పాపమున పాల్గొన్నవాని కథ యేల?" యుద్ధము ఘోరమనుటలో సందేహము లేదు. పైగా 1914లో పోయిన సిపాయి తన దేశముకొఱకు కాక పరపాలకుల కొఱకు పోరాడెను. కాని యుద్ధమును తెచ్చువారు కందకములలో నివసింపరు; కందకములలో నివసించువారు యుద్ధమును తెచ్చినవారు కారు. ఈ భేదమును ఎఱుగని శాంతివాదము పేదవాని చెమటను, రక్తమును అవమానించును. బురదలోని సైనికుని దినచర్యను చదివినవాడు యుద్ధమును తేలికగా కోరడు. శాంతికొఱకు పాటుపడువారికి ఇంతకంటె మంచి పాఠ్యపుస్తకము లేదు.

ఆ దినములు గడచిపోలేదు. 1984 నుండి భారతసైనికులు సియాచిన్ హిమనదముపై కావలి యుండిరి. 2003 నవంబరునుండి అచ్చట తుపాకులు మౌనము వహించెను గాని మంచు మౌనము వహింపలేదు. అచ్చట శత్రువు గుండ్లకంటె మంచుచరియలకును, చలికిని, ప్రాణవాయువు కొఱతకును బలియైనవారే ఎక్కువ. ఖమ్మమునకు పొరుగున నున్న సూర్యాపేటలో పుట్టిన కర్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15వ తేదీ రాత్రి గల్వాన్ లోయలో అమరుడయ్యెను. ఆనాటి ఘర్షణలో 20 మంది భారతసైనికులు ప్రాణములు కోల్పోయిరి. వారిలో పలువురు తీవ్రముగా గాయపడి, ఎత్తైన ఆ ప్రదేశమున గడ్డకట్టు చలికి గుఱియై మరణించిరని సైన్యమే ప్రకటించెను. శతాబ్దము గడచినను సైనికునకు చలియు, నీరును, వేచియుండుటయు తప్పలేదు.

కావున సైనికునకు దేశము పడిన ఋణము జయజయధ్వానములతో తీఱదు. ఆయన పాదములు పొడిగా నున్నవా, ఆయనకు మంచినీరు చేరుచున్నదా, వైద్యుడు సకాలమున వచ్చుచున్నాడా, ఇంటి జాబు అందుచున్నదా అని అడుగు దేశమే ఋణము తీర్చు దేశము. పతకము ఒకనికి దొరకును. మేజోళ్లు అందఱికిని కావలయును. వంటవానిని, డోలీ మోయువానిని, పాకీవానిని విడిచి చేసిన సన్మానము సగము సన్మానమే. సైన్యమునుండి తిరిగివచ్చినవాడు పింఛను కాగితముల కొఱకు కార్యాలయముల చుట్టు తిరుగునట్లు చేసిన ప్రభుత్వము ఎన్ని స్తంభములు నిలిపినను ఏమి లాభము?

విద్యార్థులు చేయదగినదియు కలదు. 1949 నుండి ప్రతి సంవత్సరము డిసెంబరు 7వ తేదీన సాయుధదళముల పతాకదినము జరుగుచున్నది. ఆనాడు చిన్న పతాకము కొని చొక్కాకు గ్రుచ్చుకొనుటతో పని ముగిసెనని తలపరాదు. ఊరిలో మాజీసైనికుడున్నచో ఆయన యొద్దకు పోవలయును. ఎందఱిని చంపితివని అడుగరాదు. ఏమి తింటిరి, ఎచ్చట పండుకొంటిరి, వాన పడినపుడు ఏమి చేసితిరి, ఎవరు జాబు వ్రాసిరి అని అడుగవలయును. చెప్పినదానిని వ్రాసి యుంచవలయును. రాజుల చరిత్ర శాసనములలో నుండును. సైనికుని చరిత్ర ఈ చిన్న ప్రశ్నల ప్రత్యుత్తరములలో నుండును.

మరల శ్రావణము వచ్చును. అడవి అంచున కందకము నిండును. పశువుల కాపరి బాలుడు దానిని దాటబోయి బురదలో కాలుపెట్టును. ఆ చల్లదనము కాలికి తగిలిన క్షణమున, ఒక రాత్రి కాదు, నాలుగు చలికాలములు అట్లే నిలిచిన పేరు తెలియని తెలుగుబిడ్డ యొకడు అతనికి గుర్తు వచ్చినచో, ఆ బాలుని చదువు సార్థకమగును.